కెమెరా ముచ్చట్లు: పూజారి మసక, స్తంభం స్పష్టం

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్లగొండ. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో యాషికా మ్యాట్ 124 జి, అదే పైనొకటి కిందొకటి రెండు లెన్సులుండే ఫిల్ము కెమెరా, కొన్నాను. లెన్సుల్లో ఫంగస్ ఉంటే విప్పి క్లీన్ చేయించానని అమ్మినాయన చెప్పిండు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మండపంలో పూజారి గారిని నిలబెట్టి, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) 3.5 పెట్టి, కళ్ల మీదే ఫోకస్ చేసి తీశాను. రోల్ కడిగించి చూస్తే ఆయన ముఖం మసక. వెనకున్న స్తంభం మీది చెక్కడం మాత్రం గీతగీతా కనిపిస్తోంది. దగ్గరి ఫొటోలన్నీ ఇంతే. ఇంకో విచిత్రం, దూరంగా ఉన్న గుట్ట మీద పెడితే ఫోకస్ నాబ్ చివరిదాకా తిప్పినా స్క్రీన్ మీద బొమ్మ పూర్తిగా కుదరదు, ఫొటోలో మాత్రం గుట్ట చక్కగా వచ్చింది. లెన్సు పోయిందా? వాపస్ ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తమ్ముడూ, వాపస్ ఇవ్వకు. స్తంభం స్పష్టంగా వచ్చిందన్న మాట చదవగానే నా ప్రాణం కుదుటపడింది. నెగెటివ్ మీద ఎక్కడో ఒకచోట అంత పదును ఉందంటే ఫొటో తీసే లెన్సుకు ఢోకా లేదు. చెయ్యి కదిలితే ఎక్కడా పదును ఉండదు, చుక్కలు గీతలవుతాయి. లెన్సు లోపల మసక పేరుకుంటే ఫ్రేమంతా తెల్లగా తేలిపోతుంది. ఫిల్ము చదునుగా కూర్చోకపోతే ఒకే గోడ ఒకచోట పదునుగా, ఇంకోచోట మెత్తగా వస్తుంది. నీకు ఇవేవీ కాదు. ఫోకస్ పడింది, కాకపోతే నువ్వు అడిగినచోటికి వెనకాల పడింది. ప్రతిసారీ వెనకే పడుతోందంటే పైలెన్సుకూ కిందిలెన్సుకూ పొత్తు కుదరడం లేదన్నమాట.

ఈ కెమెరాలో పైలెన్సు బొమ్మను పైనున్న స్క్రీన్ గాజు మీద నీకు చూపిస్తుంది, కిందిది ఫిల్ముకు చూపిస్తుంది. రెండూ ఒకే పలక మీద ఉండి, నాబ్ తిప్పితే కలిసి కదులుతాయి. ఫంగస్ తుడవడానికి పైలెన్సు విప్పి, తిరిగి పూర్తిగా లోపలికి బిగించకపోతే అది కాస్త ముందుకు నిలబడిపోతుంది. అప్పుడు స్క్రీన్ మీద బొమ్మ కుదరాలంటే పలక మొత్తం ఉండాల్సిన దానికన్నా వెనక్కి పోవాలి. దాంతో కిందిలెన్సు ఫిల్ముకు దగ్గరై, పూజారిని వదిలేసి వెనక స్తంభాన్ని పట్టుకుంటుంది. నీ గుట్ట సంగతీ ఇదే. పలక ఇంకా వెనక్కి పోవాలి, కానీ నాబ్ ఆగిపోయింది. కిందిలెన్సు ఆ ఆగినచోట సరిగ్గానే ఉంది కాబట్టి ఫొటో బాగుంది. స్క్రీన్ గాజును ఎవరైనా తిరగేసి పెట్టి ఉన్నా తప్పు ఇటువైపే జరుగుతుంది. ఫోకస్ పూజారికి వెనకే పడుతుంది. కాబట్టి ముందు అది చూసుకో, గరుకు ముఖం కిందికి, లోపలి అద్దం వైపు ఉండాలి.

ఏ స్క్రూ ముట్టుకోకముందు కళ్లతో చూసి రూఢి చేసుకో. కెమెరాను స్టాండ్‌కు బిగించి వెనక తలుపు తెరువు. లోపల రెండు జతల పట్టాలుంటాయి. లోపలి జత మీద ఫిల్ము నడుస్తుంది, బయటి జతకు ఫిల్మును వెనకనుంచి అదిమి ఉంచే ప్రెజర్ ప్లేటు ఆనుతుంది. లోపలి పట్టాల మీద కూర్చునే కొలతకు గరుకు గాజు ముక్క కోయించు, పటాలు కట్టేవాళ్లు కోసిస్తారు. గరుకు వైపు లెన్సుకేసి ఉండాలి. అపెర్చర్ 3.5, షట్టర్ బి (నొక్కినంతసేపూ తెరిచి ఉండేది) మీద పెట్టి, లాకున్న కేబుల్ రిలీజ్‌తో (బటన్ నొక్కే తీగతో) తెరిచి ఉంచు. నెత్తిన నల్లగుడ్డ కప్పుకొని భూతద్దంతో చూడు.

మీ ఊళ్లో లతీఫ్ సాహెబ్ గుట్ట ఉండగా వేరే గురి ఎందుకు? ఒక కిలోమీటరు అవతల నిలబడి, నాబ్ అనంతం గుర్తు మీద పెట్టి దాన్ని చూడు. గాజు మీద గుట్ట తలకిందులుగా, అంచులు కోసినట్టు కనిపిస్తే కిందిలెన్సు జోలికి పోవద్దు. అదే పెద్ద, పైలెన్సే దాని మాట వినాలి. నాబ్ కదపకుండా పైలెన్సును పట్టి ఉంచే బుల్లి స్క్రూలు వదులు చేసి, స్క్రీన్ మీద గుట్ట కుదిరేదాకా లెన్సును మెల్లగా లోపలికి తిప్పు. స్క్రూలు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించు, బిగింపులోనే లెన్సు మళ్లీ జరుగుతుంది, అందుకే ఆఖర్న ఇంకోసారి చూడాలి. చెయ్యి ధైర్యం చెయ్యకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లు, కానీ "సర్వీస్ చెయ్యండి" అనకు. "రెండు లెన్సులూ గరుకు గాజు పెట్టి మ్యాచ్ చెయ్యండి" అని అడుగు.

చివరికి దగ్గరి పరీక్ష. 1 మీటరు దూరంలో అగరుబత్తి డబ్బాలు ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి మూడేసి సెంటీమీటర్ల తేడాతో నిలబెట్టు. స్క్రీన్ మీద చూసి నడిమి డబ్బాపై ఫోకస్ పెట్టు. గరుకు గాజు మీద కూడా ఆ డబ్బా అక్షరాలే అన్నిటికన్నా పదునుగా కనిపించాలి. ఈ 80 మి.మీ. లెన్సుకు 3.5 దగ్గర, ఆ దూరంలో పదునుండే లోతు ఐదారు సెంటీమీటర్లే. వెంట్రుకవాసి తప్పు కూడా అక్కడ బయటపడుతుంది.

"రంధ్రం చిన్నది చేసి 11 పెట్టి తియ్యి, అన్నీ వస్తాయి" అని చెప్పేవాళ్లుంటారు. వాళ్ల మాట వినకు. 3 మీటర్ల దూరంలో 11 పెడితే లోతు మీటరున్నర వస్తుంది, తప్పు కనపడకుండా పోతుంది, అంతే. ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా గర్భగుడిలో కదలకుండా నిలిచే ఆ నీడను తియ్యాలంటే అక్కడి వెలుతురుకు 3.5 తెరవక తప్పదు. అందుకే నీ కెమెరా 3.5 దగ్గర నిజం చెప్పాలి.

ప్రశ్న: మామియా ఆర్‌బీ 67తో ఒకే రోల్‌లో కొన్ని ఫొటోలు పదునుగా, కొన్ని మెత్తగా వస్తున్నాయి. ఎందుకన్నా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: తప్పు ప్రతిసారీ ఒకేలా లేదు కాబట్టి లెన్సునూ స్క్రీన్‌నూ అనుమానించకు. ఈ కెమెరా లెన్సు బరువైనది. కెమెరాను కిందికో పైకో వంచితే బెల్లోస్ (లెన్సును ముందుకూ వెనక్కూ జరిపే మడతల తిత్తి) దానంతటదే జారవచ్చు. ఫోకస్ పెట్టగానే పక్కనున్న లాక్ లివర్ బిగించు. రెండోది, సగం తీసిన రోల్‌ను రోజుల తరబడి బ్యాక్‌లో (కెమెరా వెనక తగిలించే ఫిల్ము పెట్టెలో) వదిలేస్తే రోలర్ దగ్గర ఫిల్ము వంగి ఉండిపోతుంది, తర్వాతి ఫ్రేము మెత్తబడుతుంది. ఎడం తర్వాత తీసిన మొదటి ఫ్రేములే మెత్తగా ఉన్నాయేమో నెగెటివ్‌లు వరుసగా పెట్టి చూసి రాయి.