సెల్ఫ్ కొట్టే ముందు: పాత లారీలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 1970ల నాటి డీజిల్ లారీ 15 ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. ఆపేనాటికి బాగానే నడిచేది. కొత్త బ్యాటరీలు పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడమంటున్నారు. కొట్టొచ్చా?

జవాబు: వద్దు. సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. వాల్వు తెరిచి ఉన్న సిలిండర్లోకి తేమ చేరి, రింగులు గోడకు తుప్పుతో అతుక్కుంటాయి. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే రింగు విరగొచ్చు. గైడులో బిగుసుకున్న వాల్వు ఒక్కటున్నా దాన్ని తెరిచే పుష్ రాడ్ వంగిపోతుంది.

ముందు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లన్నీ విప్పండి. డీజిల్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సగం సగం కలిపి సిలిండర్‌కు 30 మి.లీ. చొప్పున పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ నట్టుకు సాకెట్ వేసి చేత్తో తిప్పాలి. కదలకపోతే రాడ్డుకు పైపు తగిలించి వేలాడకండి. మళ్లీ కొంచెం పోసి, మర్నాడు ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. వదులయ్యాక వాల్వుల మీది ట్యాపెట్ కవర్ తీసి రెండు పూర్తి చుట్లు తిప్పితే ప్రతి వాల్వూ ఒకసారి దిగి, మళ్లీ పైకి రావాలి. పైకి రాని వాల్వు కాడకు ఆయిల్ పట్టించి, అది ఆడేదాకా ముందుకెళ్లొద్దు.

ఇప్పుడు ఇంజిన్ ఆయిల్ దించండి. నీళ్లుంటే అడుగున చేరతాయి కాబట్టి మొదట అవే వస్తాయి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే హెడ్ ప్యాకింగ్ గానీ, లైనర్ రింగులు గానీ పోయి కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి. శుభ్రంగా ఉన్నా మార్చాల్సిందే. సిలిండర్లో పోసిన డీజిల్ కిందున్న ఆయిల్ చాంబర్లోకే జారుతుంది.

ట్యాంకులో పాత డీజిల్‌ను వాడుకుందామని చూడకండి. అడుగున నీళ్లు, డీజిల్ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు పేరుకుంటుంది. ట్యాంకు దించి కడగకపోతే కొత్త ఫిల్టర్ కాసేపటికే మూసుకుపోతుంది.

చాలామంది మరిచేది డీజిల్ పంపు. లైన్ పంపు (సిలిండర్‌కొకటి చొప్పున పంపులు వరసగా ఉండేది) అయితే పక్క కవర్ విప్పి, డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించే కడ్డీని, అంటే ర్యాక్‌ను, వేలితో జరిపి చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగు దాన్ని ఎక్కువ డీజిల్ ఇచ్చే వైపే నెట్టి ఉంచుతుంది. అక్కడే జామ్ అయితే, స్టార్టయిన మరుక్షణం ఇంజిన్ అదుపు తప్పి అరుస్తుంది. ఇంజిన్ ఆపే స్టాప్ లివర్ లాగినా వినదు. వేలికి ఏమాత్రం పట్టినట్టు తగిలినా పంపు దించి, పంపులు బాగుచేసేవాళ్లకే ఇవ్వండి. అంతా సరిగ్గా ఉన్నా, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు అదుపు తప్పితే ఇంజిన్ గాలి పీల్చే మూతిని మూసేందుకు మందమైన చెక్క పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. చెయ్యీ గుడ్డా వద్దు, లాగేసుకుంటుంది.

నాజిళ్లను కొత్త రాగి వాషర్లతో బిగించాక ఎయిర్ తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టండి. తర్వాత డీజిల్ పంపు స్క్రూ దగ్గరా అంతే. ముందుగా స్టాప్ లివర్ లాగి ఉంచి, 10 సెకన్ల చొప్పున మధ్యమధ్య ఆగుతూ, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్ కొట్టండి. అప్పుడు లివర్ వదిలి, నాజిల్ చివరి నట్లు ఒక చుట్టు వదులు చేసి మళ్లీ కొట్టండి. డీజిల్ చిమ్మితే బిగించండి. ఆ చిమ్మేచోట చెయ్యి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. స్టార్టయ్యాక 10 సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయండి.

ప్రశ్న: బ్రేక్ ఆయిల్ నింపి ఎయిర్ తీశాం. పెడల్ గట్టిగానే ఉంది. కానీ కొంత దూరం పోయాక పెడల్ వదిలినా ముందు ఎడమ చక్రం పట్టేస్తోంది. డ్రమ్ము కాలిపోతోంది.

జవాబు: పట్టేసి ఉన్నప్పుడే ఆ చక్రం ఎయిర్ తీసే నిపుల్ కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందా, ఒత్తిడి వెనక్కి పోవడం లేదన్నమాట. ఒక్క చక్రమే కాబట్టి మొదటి అనుమానం రబ్బరు హోస్ మీదే. పైకి నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి ఆయిల్‌ను పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. అన్ని చక్రాలూ పట్టేస్తే మాస్టర్ సిలిండర్లో తిరుగు రంధ్రం మూసుకుందేమో, పెడల్ పుష్ రాడ్‌కు ప్లే (కొద్దిపాటి ఖాళీ) అసలు లేదేమో చూడాలి.

నిపుల్ తెరిచినా వదలకపోతే వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పుతో జామ్ అయినట్టు, లేదా షూ స్ప్రింగులు అలిసిపోయినట్టు. పిస్టన్ కదిలే దారిలో గుంటలుంటే సిలిండర్ మార్చండి, రుద్దితే పోవు. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, తుప్పుకు మూలం అదే. ఆ బ్రేకుల్లో ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి పాడైపోతాయి. హోసులు మాత్రం అన్నీ ఒకేసారి మార్చండి. ఎడమది పోయిందంటే కుడిదీ అదే వయసు.

ప్రశ్న: క్లచ్ తొక్కినా గేరు పడటం లేదు, గరగరమంటోంది.

జవాబు: పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే ఫోర్కు పూర్తిగా కదులుతోందా, చూడండి. కదులుతుంటే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుంది. పెడల్‌ను కర్రతో అదిమి ఒక రాత్రి ఉంచితే కొన్నిసార్లు వదులుతుంది. వదలకపోతే గేర్‌బాక్స్ దించండి. గేరులో పెట్టి కుదుపులతో విడగొట్టాలని చూస్తే ప్లేటు లైనింగ్ ఊడొస్తుంది.

ప్రశ్న: టైర్లకు గ్రిప్పు బాగా ఉంది. గాలి కొట్టి వాడుకోవచ్చా?

జవాబు: టైరు పక్కన ఉండే డాట్ కోడ్ చివర 4 అంకెలుంటే తయారైన తేదీ: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడే అంకెలుంటే 2000కు ముందుది. గ్రిప్పు ఎంతున్నా అలాంటి టైరు మార్చాల్సిందే. టైరును పట్టి ఉంచే లాక్ రింగు ఉన్న చక్రపు డిస్కులైతే ఇంకా జాగ్రత్త, ఆ రింగు ఎగిరి రావచ్చు. గాలి లేకుండా ఏళ్లపాటు నిలిచిన చక్రానికి బండి మీదే గాలి కొట్టకండి. వాల్వు పిన్ను తీసి, మిగిలిన గాలి పూర్తిగా పోయాకే వీల్ నట్లు విప్పండి. తుప్పు తిన్న రింగును మార్చి, ఇనుప బోనులో పెట్టి, పొడవాటి హోసుతో దూరంగా నిలబడి గాలి కొట్టాలి. బోను లేని షాపులో ఈ పని చేయించవద్దు.