అమ్మకున్న కిడ్నీ జబ్బు నాకూ ఉందని తేలింది. ఈ భయంతో ఎలా బతకాలి? అమ్మకు చెప్పాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు ఇరవై ఏడేళ్లు. అమ్మ పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నారు. మీ స్కానింగ్‌లో కూడా రెండు కిడ్నీల్లో నీటి బుడగలు కనిపించాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష మామూలుగా ఉంది కాబట్టి ఇప్పుడేమీ చేయక్కర్లేదు, ఏడాదికోసారి రమ్మన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని, అమ్మకు ఇంకా చెప్పలేదని రాశారు.

నాకూ ఇదే జబ్బు. నాన్న నుంచి వచ్చింది. ఇప్పుడు నలభై దాటాయి. బీపీ మాత్ర వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను, డయాలసిస్ దాకా రాలేదు.

"ఇప్పుడేమీ చేయక్కర్లేదు" అన్న మాట వినడానికి ధైర్యంగా ఉంటుంది కానీ, మనసుకు అన్నిటికన్నా బరువైన కాలం అదే. ఒంట్లో ఏదో పెరుగుతోందని తెలుసు, చేయడానికి మాత్రం పనేమీ లేదు. పైకి బాగానే కనిపిస్తాం కాబట్టి ఎవరికైనా చెప్పుకుంటే "నీకేమైంది, బానే ఉన్నావుగా" అంటారు. బుడగలు పెరుగుతున్నా కిడ్నీల్లో బాగున్న భాగం ఎక్కువ కష్టపడి ఆ లోటు కనపడనివ్వదు, అందుకే క్రియాటినిన్ ఏళ్ల తరబడి కదలదు. ఈ సంగతి తెలిశాక నాకు మంచి రిపోర్టు వచ్చినా సంతోషం ఉండేది కాదు. నడుం పట్టేస్తే భయం, మూత్రం కాస్త రంగు మారితే భయం. పరీక్షల నెల వచ్చిందంటే ఇంట్లో అందరి మీదా విసుక్కునేదాన్ని. మీరు పిరికివాళ్లేం కాదు. దీర్ఘకాలం కిడ్నీ జబ్బుతో ఉండేవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ మామూలు జనంలో కన్నా ఎక్కువగా ఉంటాయి.

వంశపారంపర్యంగా వచ్చే జబ్బులో ఇంకో బాధ ఉంది. మన భవిష్యత్తు మన ఎదురుగానే కూర్చుని ఉంటుంది. నాన్న డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు వెళ్లేవారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి మీద రక్తనాళాలు కలిపి చేసిన ఉబ్బిన ఫిస్టులా, ఇంటికొచ్చాక మాట కూడా రాని నీరసం, దాహమేస్తే ఒక గుటక నీళ్లతో సరిపెట్టుకోవడం, ఇవన్నీ చూస్తూ నా వయసు లెక్కపెట్టుకునేదాన్ని. ఆయన ఏ వయసులో పడిపోయారో నేనూ ఆ వయసుకే పడిపోతానని ఖాయం చేసేసుకున్నాను.

ఆ లెక్క తప్పని డాక్టరు చెబితే తెలిసింది. ఒకే ఇంట్లో ఒకే జన్యులోపం ఉన్నా జబ్బు నడక అందరిలో ఒకేలా ఉండదు. ఎక్కువమందిలో పీకేడీ1 అనే జన్యువులో లోపం ఉంటుంది. పీకేడీ2 అయితే సాధారణంగా నెమ్మదిగా ముదురుతుంది. బీపీని ఎంత తొందరగా పట్టుకున్నాం, ఎంత బాగా అదుపులో పెట్టాం అన్నదానికి కూడా పెద్ద పాత్ర ఉంది. కిడ్నీల సైజును వయసుతో పోల్చి ఎవరిలో వేగంగా ముదురుతుందో అంచనా వేసే పద్ధతి ఉంది. వచ్చేసారి వెళ్లినప్పుడు "నాది వేగంగా పెరిగే రకమా?" అని సూటిగా అడగండి. వేగంగా పెరిగేవాళ్లకు టోల్వాప్టాన్ అనే మందు ఉంది. అది జబ్బును నయం చేయదు, నెమ్మదింపజేస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, క్రమం తప్పని లివర్ పరీక్షలు దానితో పాటు వస్తాయి. అందరికీ అవసరం ఉండదు. కానీ అడగడానికి ఒక ప్రశ్న చేతిలో ఉంటే డాక్టరు గదిలోకి వెళ్లేటప్పుడు కాళ్లు వణకవు.

మా తమ్ముడికి ఈ జబ్బు లేదు. ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఒకరికి వచ్చింది కాబట్టి ఇంకొకరికి రాదని కాదు, ప్రతిసారీ ఆ సగం లెక్క మళ్లీ మొదటి నుంచే. వాడి స్కానింగ్ బాగుందని తెలిసిన రోజు నుంచి వాడు నా కళ్లలోకి చూడటం మానేశాడు. తనకు రానందుకు సిగ్గు, రేపు అక్కకు కిడ్నీ ఇవ్వాల్సి వస్తుందేమోనన్న టెన్షన్, రెండూ వాడిలో ఉన్నాయని చాలా కాలానికి అర్థమైంది. ఒకరోజు నేనే పిలిచి, "ఆ సంగతి ఇప్పుడు ఎవరూ తేల్చక్కర్లేదు, నువ్వు ఇవ్వకపోయినా నాకు తమ్ముడివే" అన్నాను. మీకు తోబుట్టువులుంటే వాళ్ల మనసులో కూడా ఇది తిరుగుతూనే ఉంటుంది.

పెళ్లి సంగతిలో నా అభిప్రాయం గట్టిది. నిశ్చితార్థానికి ముందే చెప్పండి. పెద్దల ద్వారా కాదు, ఆ అమ్మాయికే, ఎదురుగా కూర్చుని. నాకు ఒక సంబంధం ఇందువల్లే తప్పిపోయింది, చాలా ఏడ్చాను. తర్వాత వచ్చిన ఆయన "ఒకసారి మీ డాక్టరుతో నేనూ మాట్లాడొచ్చా?" అని అడిగారు. ఇప్పుడాయనే మా ఇంటాయన. దాచిపెట్టి కాపురం చేస్తూ ప్రతి రిపోర్టునూ బీరువాలో దాచుకునే బతుకు ఊహించుకోండి, జబ్బు కన్నా అదే ముందు మనిషిని తినేస్తుంది. మా పాపకు ఇంకా స్కానింగ్ చేయించలేదు. ఏడాదికోసారి బీపీ చూపిస్తున్నాం. పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో అదే చెబుతుంది.

నిద్ర లేకపోవడాన్ని మాత్రం వదిలేయకండి. నేను సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను, కొన్నాళ్లు మందులు వాడాను, తేరుకున్నాను. కిడ్నీ జబ్బు ఉందని ఆయనకు మొదటే చెప్పాలి, ఎందుకంటే లిథియం లాంటి కొన్ని మందులు కిడ్నీకి మంచివి కావు. తలనొప్పికీ నడుంనొప్పికీ మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కుని వేసుకోకండి. చుట్టాలు తెచ్చిచ్చే పసరు మందులకూ దణ్ణం పెట్టేయండి. రాత్రి పూట బతుకు మీదే విసుగు పుడితే మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక అమ్మ సంగతి. చెప్పండి. నాన్నకు చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఆయన కుమిలిపోతారని. "నా వల్లే కదమ్మా" అన్నారు, నిజమే. "మీకు మీ అమ్మ ఇచ్చింది, ఆవిడకు ఇంకెవరో, ఇందులో ఎవరి చేతిలో ఏముంది నాన్నా" అన్నాను. ఆ తర్వాతే ఆయన నోరు విప్పారు. ముప్పై ఏళ్లు దాటగానే మూత్రంలో రక్తం పడిందట, ఎవరికీ చెప్పలేదట. బీపీ ఉందని తెలిసినా ఏళ్ల తరబడి మాత్ర వేసుకోలేదట. నేను ఆయన్ని చూసి నాకు గీసుకున్న గీత అక్కడే చెరిగిపోయింది. నా బీపీని ముందే పట్టుకున్నారు, నేను మాత్ర మానలేదు.

డయాలసిస్ అయిన రోజు చెప్పకండి, ఓపిక ఉండదు. మర్నాడు, ఆవిడ కాస్త తిని కూర్చున్నప్పుడు చెప్పండి. ఏడుస్తారు, ఏడవనివ్వండి. తేరుకున్నాక రెండు విషయాలు అడిగి రాసుకోండి. ఆవిడకు బీపీ ఏ వయసులో మొదలైంది? ఆవిడ వైపు ఎవరైనా మెదడులో రక్తనాళం చిట్లి హఠాత్తుగా పోయారా? ఈ జబ్బు ఉన్న కొందరిలో మెదడు రక్తనాళాలు ఉబ్బుతాయి. కుటుంబంలో అలా జరిగి ఉంటే మీ డాక్టరు తల స్కానింగ్ చేయించమనవచ్చు, కాబట్టి ఆ జవాబు వచ్చే ఏడాది దాకా ఆపకుండా ఆయనకు చేర్చండి.