థ్రిల్లర్ కోర్సుకి నాలుగు లక్షలు కట్టాలా?

ప్రశ్న: మావాడు బీకాం ఫైనల్ ఇయర్. డైరెక్టర్ అవుతాడట. ఆరు నెలల థ్రిల్లర్ మేకింగ్ కోర్సుకి నాలుగు లక్షలు కట్టమంటున్నాడు. కుటుంబ కథల్లాంటి డ్రామా సినిమాలు ఎవరూ చూడరట, థ్రిల్లర్ అయితే ఓటీటీలో త్వరగా ఛాన్స్ వస్తుందట. రెండింట్లో ఏది సేఫ్? – ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: అమ్మా, ఈ లైన్లో సేఫ్ అనేది ఏదీ లేదు. మీ టెన్షన్ కూడా దాని గురించి కాదు, పిల్లాడు ఎందుకూ పనికిరాకుండా పోతాడేమోనని. పోడు. ముందు డిగ్రీ పూర్తి చేయనివ్వండి, పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో మూడేళ్ల డైరెక్షన్ కోర్సుకైనా అదే కావాలి.

ఈ థ్రిల్లర్ మోజు మీదే నాకు అనుమానం. పిల్లలు తెచ్చి చూపించే షార్ట్ ఫిల్ములన్నీ ఒకేలా ఉంటాయి: నీలం లైటు, చుక్కలు కారే కుళాయి, మోగే ఫోను, చివర్లో హీరోయే హంతకుడు. ట్విస్టు ఉంటే థ్రిల్లర్ అయిపోయిందనుకుంటారు. టేబుల్ కింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తే, పైన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లని చూస్తూ పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడని థ్రిల్లర్లకి పేరుపడ్డ హాలీవుడ్ డైరెక్టర్ హిచ్‌కాక్ ఎప్పుడో చెప్పాడు. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుస్తుంది అన్నదే అక్కడ అసలు పని, అది స్క్రిప్టులో, ఎడిటింగ్ టేబుల్ మీద తేలుతుంది.

డ్రామాలో డైరెక్టర్ దాక్కోవడానికి బాంబు కూడా ఉండదు. భోజనాల దగ్గర తండ్రి పొలం అమ్మేశానంటాడు, కెమెరా ఆయన మీద కాకుండా అన్నం కలుపుతూ ఆగిపోయిన కొడుకు చేతి మీద ఉండాలి, అక్కడ ఎంతసేపు ఉంచాలో తెలిసినవాడు థ్రిల్లరూ తీయగలడు. కె. విశ్వనాథ్ గారు మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో మొదలుపెట్టి, 1960ల మధ్యలో గానీ డైరెక్టర్ కాలేదు. మీవాడికి ఆరు నెలలు సరిపోతాయా?

ఇక మీకు. మీ పూర్తి ఉత్తరంలో పక్కింటి అబ్బాయి జీతం ప్యాకేజీ గురించి రెండుసార్లు రాశారు, మీవాడు రాసిన కథ గురించి ఒక్క ముక్క లేదు. చదివారా అసలు? ఫీజు కట్టడమో మానడమో తర్వాత, ముందు వాడి పక్కన కూర్చోండి తల్లీ.

ఫీజు కోసం బ్యాంకులో ఎఫ్‌డీ ఉంటే ఇప్పుడే తీయొద్దు. ఇంట్లో బీరువాలో డబ్బు పోయింది, ఇదొక్కటే సీను. ఒకసారి థ్రిల్లర్‌గా, ఒకసారి డ్రామాగా మూడేసి నిమిషాలు ఫోన్లో తీసి, మ్యూజిక్ లేకుండా ఎడిట్ చేయమనండి. మ్యూజిక్ తీసేస్తే ఏది నిలబడలేదో వాడికే కనిపిస్తుంది. అది చూశాక కూడా మళ్లీ తీస్తానంటే, అప్పుడు రండి, ఏ కోర్సో, ఎంత ఫీజో మాట్లాడుకుందాం.