బడ్జెట్ మీటింగుకి వెళ్ళే ముందు ఇది చదువు

ఒరేయ్ బుజ్జీ,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసిపోయింది, టెన్షన్ పడుతున్నావని. కౌన్సిలర్ అయ్యాక మొదటి బడ్జెట్ మీటింగు, అదే అజెండాలో ఆ 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు స్థలం గొడవ. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు నా భాగోతం విను. 1995లో వార్డు మహిళలకి రిజర్వ్ అయిందని మీ మావయ్య నన్ను నిలబెట్టారు, గెలిచాను. మొదటి బడ్జెట్ రోజున పుస్తకం చేతికిచ్చిన పావుగంటకి సమోసాలు వచ్చాయి, అవి తినేలోపు ఎవరో "ఆమోదం" అన్నారు, అందరూ బల్లలు చరిచారు, నేనూ చరిచాను. ఆ ఆగస్టులో మా వెనక వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే అదే చేత్తో పులిహోర పొట్లాలు పంచాను, వాళ్ళ పొయ్యిలన్నీ నీళ్ళలో ఉన్నాయి మరి. ఆ వీధి డ్రెయినుకి ఆ ఏడాది పైసా పెట్టలేదన్న సంగతి నేను బల్ల చరిచి ఒప్పుకున్న ఆ పుస్తకంలోనే ఉంది. పేజీ తిప్పితేగా.

కాబట్టి నువ్వు తిప్పు. అజెండా మీటింగుకి మూడు రోజుల ముందే నీకు అందాలి, అందకపోతే రాతపూర్వకంగా అడుగు. మీటింగు రోజు బల్ల మీద పెట్టే అదనపు అంశాలు మాత్రం కూర్చున్న వెంటనే చదువు, పక్కవాళ్ళతో కబుర్లు తర్వాత.

బడ్జెట్ పుస్తకంలో వచ్చే ఏడాది అంచనా చూసి మురిసిపోకు, ఆ అంకె ఎవరైనా ఎంతైనా వేయొచ్చు. నిరుడు ఎంత వస్తుందని రాశారు, నిజంగా ఎంత వసూలైంది, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకో. ఇంటిపన్ను బకాయిలు ఈసారి మొత్తం వసూలైపోతాయని రాశారంటే ఆ డబ్బు మీద ఆధారపడ్డ పనులు కాగితం మీదే ఉంటాయని అర్థం. డిపాజిట్లు కలిపి నిల్వ ఎక్కువ చూపిస్తారు, కాంట్రాక్టర్లు కట్టిన డిపాజిట్ మనది కాదురా, తిరిగివ్వాల్సిందే. కేంద్రం నుంచి వచ్చే ఫైనాన్స్ కమిషన్ గ్రాంటులో కూడా కొంత భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి ఉంటుంది, దాంతో రోడ్డు వేస్తామని ఎవరైనా అంటే ఏ పద్దు కింద అని అడుగు. బిల్డింగ్ ఫీజులు ఒక్కసారి వచ్చే డబ్బు, వీధి దీపాల కరెంటు బిల్లు మాత్రం నెల నెలా వస్తుంది.

ఇక అపార్ట్‌మెంటు. వార్డులో అందరూ నువ్వే దానికి పర్మిషన్ ఇస్తావనో ఆపేస్తావనో అనుకుంటున్నారు. ప్లాన్ మంజూరు కౌన్సిల్ పని కాదు, అది కమిషనరు, టౌన్ ప్లానింగ్ వాళ్ళు రూల్స్ చూసి ఇస్తారు. మీ ముందుకి వచ్చింది మాస్టర్ ప్లాన్లో, అంటే ఊళ్ళో ఏ స్థలం దేనికో చెప్పే పటంలో, వ్యవసాయం అని ఉన్న ఆ చేనుని నివాస ప్రాంతంగా మార్చమని తీర్మానం. మీరు సరేనంటే పైకి వెళుతుంది, చివరికి తేల్చేది ప్రభుత్వం. అయినా మీ తీర్మానం తేలిక కాదు, రేపు ఎవరడిగినా "కౌన్సిలే ఒప్పుకుంది" అంటారు.

నువ్వు పంపిన ఫోటోల్లో పనుల జాబితా చూశాను. "డొంక రోడ్డు వెంబడి సీసీ డ్రెయిన్ పొడిగింపు" అని ఒకటుంది చూడు, ఆ చేను పక్కన సిమెంటు కాలువ అన్నమాట. ఆ డొంకలో ఇవాళ ఒక్క ఇల్లు లేదు, గేదెలు తప్ప వెళ్ళేవాళ్ళు లేరు. ఆ డ్రెయిన్ ఎవరి కోసం? అపార్ట్‌మెంటు బడ్జెట్లో లేదనుకున్నావు, దాని మురుగు బడ్జెట్లోకి ముందే వచ్చేసింది. ఆ రెండు అంశాలూ విడివిడిగా ఓటుకి రానివ్వకు, కలిపి చర్చించమని అడుగు.

నేను కట్టొద్దనడం లేదు. మన పిల్లలే డాబా మీద బట్టలారేసుకునే ఓపిక లేదు, లిఫ్టున్న ఫ్లాటు కావాలంటున్నారు. కానీ లెక్క వేసి చూడు. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు అంటే 120 ఇళ్ళకి దాదాపు 65 వేల లీటర్లు. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తే మనం చెరువులో నింపుకున్న నీళ్ళే గతి, నెలా పదిహేను రోజులకి 29 లక్షల లీటర్లు అదనంగా కావాలి. మన చెరువు తట్టుకుంటుందా అని ఇంజనీరుని అడుగు, నోటితో కాదు, కాగితం మీద. బోరు వేసుకుంటారంటారేమో, మన వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పు కషాయం. వాడిన నీళ్ళలో నూటికి 80 వంతులు మురుగై బయటికొస్తాయి, అవి ఏ మురుగు కోడులో కలుస్తాయి? భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ దగ్గర ముక్కు మూసుకున్నవాడివి, నీకు చెప్పాలా.

అసలు ప్రమాదం మెరక. మన నేల పల్లం, బిల్డరు ముందు చేసే పని నాలుగడుగులు మట్టి పోసి మెరక చెయ్యడం. ఆయన స్థలం ఎత్తవుతుంది, ఇన్నాళ్ళూ ఆ చేలోకి వెళ్ళి పంట బోదెలో, అదే చిన్న కాలువలో, పడే వాన నీళ్ళు పక్క కాలనీకి తిరుగుతాయి. శనివారం పొద్దున్నే వెళ్ళు, కారులో కాదు, నడిచి. కాలనీ గోడల మీద నిరుడు నీళ్ళు నిలిచిన చార ఉంటుంది, టేపుతో కొలిచి రాసుకో. అరుగు మీద కూర్చున్న ఏ ముసలమ్మనైనా అడుగు, ఏ సంవత్సరం ఎంతవరకు వచ్చాయో నీకు వేలితో చూపిస్తుంది. పంట బోదె ఆ స్థలంలోంచి వెళుతోందా, ఎక్కడ పూడ్చబోతున్నారు, అదీ చూడు.

ఇంటిపన్ను బోలెడు వస్తుందని మీటింగులో ఊదరగొడతారు. వస్తుంది, కట్టి, పన్ను వేసి, వసూలు మొదలయ్యాక. డ్రెయిన్ డబ్బు మాత్రం ఈ ఏడాదే పోతుంది. డ్రెయినుకయ్యే ఖర్చులో బిల్డరు వాటా ఎంత అని అడుగు. అపార్ట్‌మెంటు కడితే, బిల్డరు మున్సిపాలిటీకి తనఖా పెట్టే 10 శాతం కట్టడాన్ని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాన్ ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చన్న కాగితం, ఇచ్చేదాకా వదలొద్దని ఇప్పుడే చెప్పి పెట్టు. కొనేవాళ్ళు ఎవరైనా నిన్నడిగితే రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు, చూసుకోమను, ఎనిమిది ఫ్లాట్లు దాటితే అది తప్పనిసరి.

ఈ వారంలో మీ ఇంటికి పళ్ళ బుట్ట ఒకటి వస్తుంది. తిరిగి పంపు, నవ్వుతూ పంపు, మీ ఆవిడకి కూడా ముందే చెప్పు.

మీటింగులో అరవకు. అరిచేవాణ్ణి పేపర్లో వేస్తారు, ప్రశ్న మాత్రం వేయరు. మూడు ప్రశ్నలు రాసుకెళ్ళు, నీళ్ళు ఎక్కడివి, మురుగు ఎక్కడికి, డ్రెయిన్ డబ్బు ఎవరిది. జవాబు రాకపోతే "నా అసమ్మతి మినిట్సులో రాయండి" అని నిలబడు, రాశారో లేదో కాపీ తెచ్చుకుని చూసుకో. మీ చైర్‌పర్సన్ గారితో మాత్రం ముందు రోజే వెళ్ళి ఇవన్నీ అడగబోతున్నానని చెప్పేసెయ్, సభలో పెద్దావిణ్ణి ఇరుకున పెట్టినట్టు ఉండకూడదు.

ఆ పనుల జాబితా పేజీ మళ్ళీ ఒకసారి వెలుతురులో పెట్టి ఫోటో తీసి పంపు. డొంక డ్రెయినుకి ఎదురుగా ఉన్న అంకె ఆరో, ఎనిమిదో నా కళ్ళకి తెలియడం లేదు.

మీ అత్తయ్య