చివరి రోజుల్లో అమ్మ "దేవుడు నా చెయ్యి వదిలేశాడు" అంది. ఆమెకు రక్షణ ఉన్నట్టేనా?

మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. మూడు నెలల కిందట మీ అమ్మగారు పోయారు. జీవితమంతా ఆదివారం మందిరం మానని మనిషి. చివరి వారం ఐసీయూలో మాత్రం ప్రార్థన చేద్దామంటే వద్దన్నారు, "దేవుడు నా చెయ్యి వదిలేశాడు" అన్నారు. మీరు విన్న ఆఖరి మాట అదే. అలా పోయిన మనిషికి రక్షణ, అంటే దేవుని దగ్గర చోటు, ఉంటుందా అని అడుగుతున్నారు. సంఘంలో వాళ్లేమో విశ్వాసులు ఏడవకూడదంటున్నారు. దాంతో ఇప్పుడు మీ రక్షణ మీదే మీకు అనుమానం వస్తోందని రాశారు.

నేను పాస్టరుని కాను, వేదాంతం చదువుకున్నవాడినీ కాను. కానీ ఇదే ప్రశ్న నన్ను ఎనిమిది నెలలు సరిగ్గా నిద్రపోనివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు, లూథరన్ క్రైస్తవ కుటుంబం. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే ఐదింటికి లేచి, స్టవ్ మీద టీ మరిగేలోపు ఒక కీర్తన పైకి చదివేవాడు. అక్కా నేనూ దుప్పట్లో పడుకునే వినేవాళ్లం. మాకు నేర్పిద్దామని చదివింది కాదది. మేం లేకపోయినా చదివేవాడు. అమ్మ పోయాక ఒక్కడే ఉన్నప్పుడు కూడా అంతేనట, పక్కింటావిడ చెప్పింది.

2018 ఆగస్టులో ఆయనకి నిమ్ము చేసింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. రెండో రోజుకి ఒంట్లో సోడియం (ఉప్పు) బాగా పడిపోయింది, మనిషి మనిషిలా లేడు. నన్ను గుర్తుపట్టలేదు. అక్కని ఎవరో అనుకుని తిట్టాడు. మా నాన్న నోట బూతు మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ముక్కులో గొట్టం పీకేసుకుంటున్నాడని రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీలకి కట్టారు. అటూ ఇటూ లాక్కుని లాక్కుని మణికట్ల మీద ఎర్రటి గీతలు పడ్డాయి. నర్సు చూడనప్పుడు ఆ గుడ్డ కింద నా వేలు దూర్చి కాస్త వదులు చేసేవాణ్ని. నేను చెయ్యగలిగింది అంతే.

ఐదో రోజు మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరు, ఊరినుంచి బస్సులో వచ్చారు. ప్రభువు బల్ల (యేసు మరణాన్ని తలుచుకుంటూ తీసుకునే రొట్టె, ద్రాక్షరసం) ఇద్దామని చిన్న సీసాలో ద్రాక్షరసం తెచ్చారు. నాన్న మింగే స్థితిలో లేడు కాబట్టి దూదితో పెదాలకి అద్దబోయారు. నాన్న మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. "పొండి. ఎవడూ లేడు" అన్నాడు. ఆ రాత్రి రెండింటికి పోయాడు.

ఎవడూ లేడు. ఎవరి గురించి అన్నాడు? గదిలో ఎవరూ లేరనా? తనకి దిక్కెవరూ లేరనా? దేవుడే లేడనా? భూస్థాపనలో అందరూ "ప్రభువునందు నిద్రించారు" అంటుంటే నా చెవిలో ఆ మాటే తిరుగుతూ ఉంది. అక్కతో కూడా అనలేదు. అనేస్తే నిజమైపోతుందని భయం.

మీ బాధ నాకు తెలుసని అందుకే అంటున్నాను. మనిషి పోయినందుకు దుఃఖం ఒకటి. ఆ మనిషి ఎక్కడున్నారో అనే భయం ఇంకొకటి. మొదటిది ఏడిస్తే కాస్త తగ్గుతుంది. రెండోది లోపలే కూర్చుంటుంది.

ముందుగా ఆసుపత్రి సంగతి చెప్తాను. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఐసీయూలో పెద్దవయసు వాళ్లకి మతి తప్పడం చాలా మామూలట. ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, నిద్ర లేకపోవడం, కొన్ని మందులు, ఏదైనా కారణం కావచ్చు. పగలు బాగానే మాట్లాడిన మనిషి రాత్రికి కేకలు పెట్టడం, లేనివాళ్లు కనపడడం, సొంత పిల్లల్నే శత్రువులనుకోవడం జరుగుతాయి. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. మీ అమ్మగారి విషయంలో ఇదే జరిగిందని నేను చెప్పలేను. చూసిన డాక్టరుని ఒకసారి అడగండి. నేను నాలుగు నెలల తర్వాత వెళ్లి అడిగాను. ఆ డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఓపిగ్గా చెప్పారు. భయం సగం అక్కడే తగ్గింది.

మిగతా సగం తగ్గింది శ్మశానంలో.

2019లో ఈస్టర్ ఏప్రిల్ 21న వచ్చింది. మా ఊళ్లో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరే ఆరాధన చేస్తాం. నాలుగింటికే సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తాం, బంతిపూలు పెడతాం. నేను నాన్న సమాధి దగ్గర నిలబడ్డాను గానీ పాట నోటికి రాలేదు. పక్కన మా ఊరి బైబిలు ఉమన్ (ఇళ్లకి వెళ్లి బైబిలు చెప్పే ఆవిడ) ఉంది, ఎనభై దాటిన మనిషి. నాన్నకి చిన్నప్పుడు సండేస్కూల్లో పాఠం చెప్పింది కూడా ఆవిడే. ఏంటి నాయనా అలా ఉన్నావు అంది. ఎందుకో ఆవిడకి చెప్పేశాను, గోడవైపు మొహం తిప్పుకున్నది, ఎవడూ లేడన్నది, అంతా.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కొవ్వొత్తి గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించింది. తర్వాత అంది: "మీ నాన్న రోజూ రాత్రి పడుకునేవాడు గదా. నిద్రలో దేవుణ్ని తలుచుకునేవాడా?"

లేదన్నాను.

"మరి ఆ నిద్రలోనే పోయుంటే రక్షణ లేదనేవాడివా? డెబ్భై నాలుగేళ్లు రాత్రిపూటల్లా మీ నాన్న దేవుణ్ని మర్చిపోయి పడుకున్నాడు. తెల్లారేసరికి దేవుడు మర్చిపోకుండా లేపాడు. ఆ ఆసుపత్రి రోజులు కూడా అలాంటి రాత్రే అనుకో."

ఆవిడకి ఈ మాట ఏ ప్రసంగంలోంచి వచ్చింది కాదు. భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ మట్టి చేసిన మనిషి ఆవిడ.

ఇంటికొచ్చి యోహాను సువార్త 10వ అధ్యాయం తీశాను. 28వ వచనం చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు." ఈసారి చదువుతుంటే బ్యాండేజీ గుడ్డతో కట్టేసిన నాన్న చేతులు కళ్లముందుకొచ్చాయి. ఆ చేతులు దేన్నీ పట్టుకోలేవు. బైబిలు పట్టుకోలేవు, ప్రార్థనకి జోడించలేవు, నా చెయ్యి కూడా పట్టుకోలేవు. నేనేమో ఎనిమిది నెలలుగా ఆ చేతుల్లో పట్టుందా లేదా అని వెతుకుతున్నాను. ప్రభువు చెప్పింది తన చేతి గురించి. "ఎవడూ లేడు" అని నాన్న అన్నాడు. ఎవడూ లాక్కోలేడు అని ప్రభువు అన్నాడు. ఈ రెండింట్లో ఏది నిలుస్తుందో నాకు ఆ రోజు తెలిసింది. గట్టిగా ఏడ్చాను.

ఇక మీ అమ్మగారి మాట. "దేవుడు నా చెయ్యి వదిలేశాడు." నేను పదేపదే చదివింది ఈ వాక్యమే. మత్తయి 27:46 మన తెలుగు బైబిల్లో ఎలా ఉందో ఒకసారి తీసి చూడండి. సిలువ మీద ప్రభువు కేక: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." మీ అమ్మగారు వాడిన మాటే. జీవితమంతా విన్న వాక్యం అంత మత్తులోనూ నోటికొచ్చిందో, లేక మామూలుగా బాధ అలా వచ్చిందో మనకి తెలీదు. ఏదైనా, ఆ మాట అన్నందుకు దేవుడు ఆమెని తోసేస్తాడని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. అదే మాట తన కుమారుడి నోట విన్న తండ్రి ఆయన. ఆ కుమారుణ్ని మూడో రోజున లేపాడు. లూకా 23:46లో అదే సిలువ మీద ఇంకో మాట ఉంది, "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అని. చెయ్యి వదిలేశావు అన్న నోటితోనే నీ చేతికి అప్పగిస్తున్నాను అన్నాడు. మీ అమ్మగారు ఆ రెండో మాట అనలేకపోయారు. టైము చాల్లేదో, ఊపిరి చాల్లేదో. ఆమె కోసం కూడా ప్రభువు ముందే అనేశాడని నేను నమ్ముతున్నాను.

ఆఖరి ఘడియలో మంచి మాట అంటేనే రక్షణ అని మనలో చాలామందికి ఒక లెక్క ఉంది. సాక్ష్యాల్లో అలాంటివే వింటాం, నవ్వుతూ పోయారు, పాట పాడుతూ పోయారు అని. అలా పోయినవాళ్లున్నారు, దేవునికి స్తోత్రం. కానీ అది అందరికీ పెట్టిన పరీక్ష కాదు. ప్రభువు పక్క సిలువ మీద ఉన్న దొంగ దగ్గర బాప్తిస్మం లేదు, మంచి జీవితం లేదు, ఒక్క మనవి ఉంది. అతనికి పరదైసు దొరికింది, అతని మాట గొప్పదని కాదు, పక్కన ఉన్నవాడు గొప్పవాడు గనక.

ఏడుపు గురించి. మీతో ఏడవకూడదన్నవాళ్లు బహుశా 1 థెస్సలొనీక 4:13 చెప్పి ఉంటారు. నాకూ అదే చెప్పారు. ఆ వచనం పూర్తిగా చదవండి. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడకండి అని ఉంది. దుఃఖమే వద్దని లేదు. థెస్సలొనీకయలో విశ్వాసుల భయం కూడా మన భయం లాంటిదే, ప్రభువు రాకముందే పోయిన మా వాళ్ల గతేంటని. ఏడుస్తున్నారని ఆ పత్రిక రాసిన పౌలు వాళ్లని తిట్టలేదు, పోయినవాళ్లు తప్పిపోలేదని చెప్పాడు. విశ్వాసం కోసం రాళ్ల దెబ్బలతో చనిపోయిన స్తెఫనుని సమాధి చేసిన భక్తిగలవాళ్లు "బహుగా ప్రలాపించిరి" అని అపొస్తలుల కార్యములు 8:2లో ఉంది. చనిపోయిన లాజరుని ఇంకాసేపట్లో లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. మా లూథరన్ల సంగతి చెప్పాలంటే, 1542లో, మా శాఖకి ఆ పేరు వచ్చిన మార్టిన్ లూథరుకి 13 ఏళ్ల కూతురు మగ్దలేనా చనిపోయింది. ఆ పిల్ల ఎక్కడికి వెళ్తోందో ఆయనకి అనుమానం లేదు. అయినా మంచం పక్కన మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. మీరు ఏడవండి. ఎవరైనా వద్దంటే లేచి పక్క గదిలోకి వెళ్లి ఏడవండి.

ఇప్పుడు మీ గురించి. ప్రార్థన రావట్లేదు, పాట రావట్లేదు, కాబట్టి నాకే రక్షణ లేదేమో అన్నారు. దుఃఖంలో ఉన్న ఒంటికి ఆకలి తెలీదు, అంతమాత్రాన మనిషి చచ్చిపోయినట్టు కాదు. నాకు ఆరాధనలో అందరం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు "శరీర పునరుత్థానము" దగ్గర గొంతు ఆగిపోయేది. నెలల తరబడి అంతే. నేను ఆగినచోట వెనక వరసలో వాళ్ల గొంతు వినిపించేది. నా బదులు వాళ్లు చెప్తున్నారనుకుని నిలబడేవాణ్ని. సంఘం ఉన్నది అందుకే అని నా నమ్మకం. అందుకే ఎంత కష్టంగా ఉన్నా ఆదివారం మానకండి, వెనక కూర్చోండి, ఏమీ అనకపోయినా పర్లేదు. మార్కు 9వ అధ్యాయంలో జబ్బు పిల్లాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నాడు. పూర్తిగా నమ్మాక రా అని ప్రభువు వెనక్కి పంపలేదు, పిల్లాణ్ని బాగుచేశాడు. ప్రార్థన రాని రోజుల్లో 88వ కీర్తన చదవండి. చాలా కీర్తనల్లా అది స్తుతితో ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. అలాంటి ప్రార్థన కూడా దేవుడు బైబిల్లో ఉంచాడు. నాకు అది నిరాశగా అనిపించలేదు, తోడుగా అనిపించింది.

ఇంకొక్క సంగతి, ఇది నాకూ తెగలేదు. మా పెద్ద మేనమామ నమ్మకుండానే పోయాడు. ఆయన గురించి నేను ఏమీ తేల్చను. ఆదికాండము 18:25లో అబ్రాహాము అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోతాను, "సర్వలోకమునకు తీర్పుతీర్చువాడు న్యాయము చేయడా?" అని. మీ బంధువుల్లో ఎవరైనా మీ అమ్మగారి గురించి తేల్చి మాట్లాడుతుంటే ఆ తీర్పు వాళ్ల చేతిలో లేదని చెప్పండి.

నిద్ర అసలు పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా దాచుకోకండి. డాక్టరుని కలవడం అవిశ్వాసం కాదు. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు. మా అక్క కొన్నాళ్లు మందులు వాడింది, ఇప్పుడు బాగుంది.

నవంబరు 2న మీవైపు సమాధుల పండుగ చేస్తారో లేదో తెలీదు. చేస్తే ముందురోజే వెళ్లి, మీ చేత్తో మీరే సున్నం వెయ్యండి. నేను మొదటి ఏడు కూలీకి డబ్బులిచ్చి చేయించాను, అలా చేయాల్సింది కాదనిపించింది. రెండో ఏడు నేనే చేశాను, బకెట్టు పక్కన పెట్టుకుని నాన్నతో రెండు గంటలు మాట్లాడాను.

మీ అమ్మగారి పేరు ఇక్కడ రాయనక్కర్లేదు. ఈ ఆదివారం మా గుడిలో "శరీర పునరుత్థానము" అన్నచోట ఆమెని తలుచుకుని మీ బదులు నేను గట్టిగా చెప్తాను.