కింద చుక్క పడదు, కూలెంట్ మాత్రం తగ్గిపోతుంది... ఈ పనిలో నేను నిలబడగలనా?

ప్రశ్న: డీజిల్ మెకానిక్ కోర్సు పూర్తిచేసి 10 నెలలుగా భారీ ట్రక్కుల వర్క్‌షాపులో హెల్పర్‌గా చేస్తున్నాను. ఈమధ్య ఒక బండి మూడుసార్లు ఒకే కంప్లయింట్‌తో వచ్చింది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ రెండు రోజులకోసారి 4 లీటర్ల దాకా పోయాల్సి వస్తోంది. ఎక్కడా కారడం లేదు. కూలెంట్ ట్యాంకులో బుడగలు వస్తున్నాయని మా సీనియర్ ఇంజన్ పైభాగం (హెడ్) దింపి, దాని కింద ఉండే సీలు (గ్యాస్కెట్) మార్చారు. వారానికే మళ్ళీ మొదటికొచ్చింది. నువ్వేమనుకుంటున్నావని అడిగితే నాకు నోట మాట రాలేదు. లాప్‌టాప్ పెట్టి ఫాల్ట్ కోడ్లు చదివే పని నేర్చుకోమని ఇంట్లో అంటున్నారు. నాకేమో ఇంజన్ పనే ఇష్టం. కానీ ఇలాంటివి కనిపెట్టే బుర్ర నాకుందా సార్?

జవాబు: తమ్ముడూ, బుర్ర సంగతి కాసేపు పక్కన పెట్టు. కారకుండా కూలెంట్ మాయమయ్యే కంప్లయింట్ చేయి తిరిగిన మెకానిక్కులకే చెమటలు పట్టిస్తుంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను 11 ఏళ్ళు పెద్ద డీజిల్ ఇంజన్ల మీద పనిచేశాను. నీ ప్రశ్నకు జవాబు ఆ బండిలోనే ఉంది కాబట్టి దాని గురించే వివరంగా రాస్తాను.

ముందు లాప్‌టాప్ విషయం. అది తప్పకుండా నేర్చుకో, ఈ రోజుల్లో అది లేకుండా పని జరగదు. కానీ కూలెంట్ లెవెల్ తగ్గిందని సెన్సర్ చెబుతుంది, టెంపరేచర్ పెరిగిందని ఇంకో కోడ్ చెబుతుంది. కూలెంట్ ఎటు పోయిందో మాత్రం ఏ కోడూ చెప్పదు. అది తేల్చాల్సింది మనిషే. అందుకే ఈ రెండిట్లో ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవాలన్న మాటకు నేను ఒప్పుకోను.

నీ ఉత్తరంలో నాకు నచ్చింది ఒకటుంది. ఎన్ని రోజులకు ఎన్ని లీటర్లో రాశావు. చాలామంది "నీళ్ళు తాగుతోంది సార్" అని వదిలేస్తారు. రాయనివి కూడా ఉన్నాయి. ఇంజన్ ఆయిల్ లెవెల్ పెరిగిందా? పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లపొగ వస్తోందా, అందులో తియ్యటి వాసన ఉందా? రాత్రంతా ఆగిన బండికి పొద్దున కూడా హోస్ పైపులు గట్టిగా, గాలి కొట్టినట్టు ఉన్నాయా? లోడు మీద ఎక్కువ పోతోందా, ఖాళీగా తిరిగినా పోతోందా? ఇవి డ్రైవర్‌ను అడిగితే పావుగంటలో తెలుస్తాయి. పాన పట్టుకోకముందు ఆ పావుగంట కూర్చోవడం అలవాటు చేసుకో.

ఇక బుడగల సంగతి. నేనూ ఒకప్పుడు సరిగ్గా మీ సీనియర్ చేసిన పనే చేశాను. పనిలో చేరిన మూడో ఏడు. కూలెంట్ ట్యాంకులో బుడగలు చూశాను, కాలిన గ్యాస్ లోపలికి వస్తోంది, హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నాను, రెండు రోజులు కష్టపడి మార్చాను. మర్నాడు ఇంజన్ ఇంకా వేడెక్కకముందే ట్యాంకు మూత తీసి చూస్తే మళ్ళీ అవే బుడగలు. తల పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కాసేపటికి బ్రేకుల ఎయిర్ ట్యాంకులు నిండి, గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ 'తుస్‌స్' మని గాలి వదిలింది. కొన్ని క్షణాల్లో బుడగలు ఆగిపోయాయి. బ్రేక్ తొక్కి తొక్కి గాలి ఖాళీ చేశాను, కంప్రెషర్ మళ్ళీ గాలి నింపడం అందుకోగానే బుడగలు మొదలయ్యాయి. పోయింది ఇంజన్ హెడ్ కాదు, బ్రేకులకు గాలినిచ్చే ఎయిర్ కంప్రెషర్ హెడ్. చాలా ట్రక్కుల్లో దాన్ని చల్లబరిచేది ఇంజన్ కూలెంటే. కంప్రెషర్‌లో గాలి ఒత్తిడి 8 బార్ ప్రాంతంలో ఉంటుంది, కూలింగ్ సిస్టమ్‌లో 1 బార్ అటూ ఇటూ. మధ్యలో చిన్న పగులు చాలు, గాలి కూలెంట్‌లోకి తోసుకొచ్చి దాన్ని మూతలోంచి బయటికి వెళ్ళగొడుతుంది. ఇంజన్ ఆపాక కూలెంటే వెనక్కి గాలి వైపు జారొచ్చు. ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పి వేళ్ళకు అంటించుకుని చూడు. మామూలు తేమ నీళ్ళలా ఉంటుంది. కూలెంట్ అయితే రంగుంటుంది, వేళ్ళ మధ్య జిగురుగా జారుతుంది.

బుడగల్లో పొగ ఉందో వట్టి గాలి ఉందో తేల్చడానికి ఒక టెస్టర్ దొరుకుతుంది. ట్యాంకులోంచి వచ్చే గాలిని నీలం రంగు ద్రవంలోంచి పంపిస్తే, అందులో కాలిన గ్యాస్ ఉన్నప్పుడు ఆ నీలం ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. కంప్రెషర్ గాలికి రంగు మారదు. అయితే రంగు మారింది కదా అని వెంటనే హెడ్ మీదికి వెళ్ళకు. ఆ ఇంజన్‌కు ఈజీఆర్ కూలర్ (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపేముందు చల్లబరిచేది) ఉంటే దాని లోపలి గొట్టం పగిలినా ఎగ్జాస్ట్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంది, రంగు మారుతుంది. అదే పగులులోంచి కూలెంట్ ఎగ్జాస్ట్‌లోకి పోయి ఆవిరైపోతుంది. అందుకే కింద చుక్క పడదు. ఈజీఆర్ పైపు విప్పి టార్చి వేసి చూస్తే లోపల పొడి మసి ఉండాలి. తడిగా ఉన్నా, తెల్లటి మరక కట్టినా అనుమానం బలపడ్డట్టే. కూలర్ దించి, దారులన్నీ మూసి, గాలి పట్టి గోరువెచ్చని నీళ్ళలో ముంచితే ఖాయమవుతుంది. హెడ్ దించడంతో పోలిస్తే ఇదెంత పని చెప్పు.

లీకేజీ అంతా లోపలే ఉంటుందనీ అనుకోవద్దు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి కారింది వేడి ఇంజన్ మీదే ఆరిపోతుంది. మిగిలేది రంగు చార ఒక్కటే. కొన్ని జాయింట్లు వేడికి బిగుసుకుని, చల్లారాకే కారతాయి. అందుకే ప్రెషర్ టెస్ట్ వేడి మీదే చేసి వదిలేయకు. సాయంత్రం చల్లారాక, మూత మీద రాసి ఉన్న ప్రెషర్‌కు మించకుండా చేతిపంపుతో గాలి కొట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున గేజు ముల్లు ఎంత దిగిందో చూడు. వేడి ఇంజన్ మీద మూత తీయడం మాత్రం ఎవరు తొందరపెట్టినా చేయకు. ఆ ఆవిరికి మొహం కాలినవాణ్ణి దగ్గర్నుంచి చూశాను.

ముల్లు దిగినా బయట తడి లేకపోతే, ఆయిల్ వైపు చూడాలి. రాత్రంతా ఆగిన బండికి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చెయ్. కూలెంట్ ఆయిల్ కన్నా బరువు కాబట్టి ముందు అదే వస్తుంది. కొద్దికొద్దిగా పోతుంటే అది కూడా కనబడదు, అప్పుడు ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపాలి. ఇంజన్ వేడికి నీళ్ళు ఎగిరిపోయినా, కూలెంట్‌లోని సోడియం, పొటాషియం ఆయిల్‌లో మిగిలి పట్టిచ్చేస్తాయి. కూలెంట్ సిలిండర్‌లోకే చేరిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టకముందు ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూడు. అలా చూడకుండా సెల్ఫ్ కొడితే లోపలి నీళ్ళు అణగవు, పిస్టన్‌ను పట్టుకున్న కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

లైనర్ (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం) సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. పిస్టన్ దెబ్బకు లైనర్ గోడ సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకుకు బయటివైపు కూలెంట్‌లో ఆవిరి బుడగలు పుట్టి గోడ మీదే పగులుతాయి. పగిలినప్పుడల్లా లోహాన్ని కొంచెం గిల్లుతాయి. అలా ఏళ్ళ తరబడి గిల్లి గిల్లి సూదిమొన రంధ్రం పడుతుంది. కూలెంట్‌లో కలిపే రసాయనాలు లైనర్ మీద పల్చటి పొర కట్టి దీన్ని ఆపుతాయి. ఇప్పుడు నీ బండి ఆలోచించు. రెండు రోజులకోసారి 4 లీటర్లు పోతున్నాయి, దారిలో డ్రైవర్ మామూలు నీళ్ళు పోస్తుంటే ఆ రసాయనం పల్చబడిపోతోంది. ఇవాళ్టి చిన్న లీకు రేపటి లైనర్ రంధ్రానికి దారి వేస్తోంది. ఆ రసాయనం ఎంత మిగిలిందో కూలెంట్‌లో టెస్ట్ స్ట్రిప్ ముంచి చూస్తే నిమిషంలో తెలుస్తుంది.

ఇక రిపేరు. నిజంగానే గ్యాస్కెట్ పోయినా, అది ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వేయకూడదు. లైనర్ ఇంజన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొచ్చిందో డయల్ గేజ్‌తో ఒక్కో లైనర్‌కు నాలుగు చోట్ల కొలవాలి. తేడా మిల్లీమీటర్‌లో కొన్ని వందో వంతులే అయినా గ్యాస్కెట్ నిలవదు. హెడ్ వంగిందా, పగిలిందా చూడాలి. బోల్టులు మాన్యువల్ చెప్పిన వరసలో, చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి), చెప్పిన డిగ్రీలు తిప్పాలి. ఆయిల్‌లో కూలెంట్ కలిసి ఉంటే బేరింగులు విప్పి చూడకుండా బండి ఇవ్వకూడదు. చివర్లో కూలెంట్ నింపేటప్పుడు గాలి ఇరుక్కోకుండా చూసుకోవాలి. టెంపరేచర్ సెన్సర్ ఇరుక్కున్న గాలిలో ఉంటే గేజు అబద్ధం చెబుతుంది.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఈ ఒక్క కంప్లయింట్ వెంట పడితే బ్రేకుల గాలి, ఎగ్జాస్ట్, ఆయిల్, కూలింగ్, కొలతలు అన్నీ నీకు పరిచయమైపోతాయి. భాగాలు మార్చేవాళ్ళు ప్రతి షెడ్డులో ఉంటారు. ఏ భాగం మార్చనక్కర్లేదో రుజువు చూపించేవాడి కోసం ఓనర్లు ఎదురుచూస్తారు. ఆ దారిలో వెళితే ఫ్లీట్ మెయింటెనెన్స్, ఇంజన్ రీబిల్డింగ్, ఫీల్డ్ సర్వీస్, ట్రైనింగ్ అన్నీ తెరుచుకుంటాయి. పని బరువైనది, వేళాపాళా ఉండదు, ఆ మాట దాచను. నిలదొక్కుకోవడానికి నాలుగైదేళ్ళు పెట్టుకో. ఈలోగా ఎలక్ట్రికల్, లాప్‌టాప్ పని సాయంత్రాలు నేర్చుకో. ఒక నోటు పుస్తకం పెట్టు. వచ్చిన ప్రతి మొండి కంప్లయింట్‌కు ఏమనుకున్నారు, ఏం కొలిచారు, చివరికి ఏం తేలింది అని రాసుకో. తప్పిన అంచనాలు కొట్టేయకుండా అలాగే ఉంచు.

ఆ బండి మళ్ళీ వస్తుంది. అప్పుడు సీనియర్‌తో వాదనకు దిగకు. "అన్నా, హెడ్ మళ్ళీ దించేముందు ఒక్క గంట ఇవ్వండి, ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ చేసి, ఈజీఆర్ పైపు విప్పి చూస్తాను" అని అడుగు. పెద్దరికానికి భంగం లేని మాట అది, కాదనడు. డ్రయ్యర్ గాలి వదిలినప్పుడు బుడగలు ఆగాయో లేదో గమనించి నాకు రాయి.