ఆయన ముఖం చూసి మనసు చదవకండి

ప్రశ్న: మా వారికి 62 ఏళ్లు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ల క్రితం పార్కిన్సన్స్ అని తేలింది. మందులు వేళకి వేస్తున్నాను, వణుకు కొంత అదుపులోనే ఉంది. కానీ మనిషే మారిపోయారు. మాట లేదు, నవ్వు లేదు. ఆర్నెల్ల తర్వాత మనవడు వస్తే వాడి వైపు రాయిలా చూస్తూ కూర్చున్నారు. "తాతయ్యకి నేనంటే ఇష్టం లేదా" అని వాడు ఏడ్చాడు. స్నానం దగ్గర్నుంచి చొక్కా బొత్తాల దాకా అన్నీ నేనే చూసుకుంటాను, ఏ పనీ ఆయన్ని ముట్టుకోనివ్వను. అయినా "మీకు భారమైపోయాను" అంటారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. మొన్న "ఇక చాలు" అన్నారు. పిల్లలు ఫోన్ చేసి "ధైర్యంగా ఉండండి నాన్నా, పాజిటివ్‌గా ఆలోచించండి" అంటే ఫోన్ నా చేతికిచ్చేస్తారు. ఒక్కోసారి విసుగొచ్చి అరిచేస్తున్నాను, తర్వాత నేనే ఏడుస్తున్నాను. ఇది జబ్బా, మొండితనమా? సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్దామంటే "నాకేమైనా పిచ్చా" అంటారని భయం.

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ "ఇక చాలు" సంగతి. ఆ మాటకు అర్థమేమిటో మీరే ఆయన్ని అడగాలి, అదీ ఈ రోజే. డొంకతిరుగుడు వద్దు. "ఇక చాలు అన్నారు కదా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని పక్కన కూర్చుని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని చాలామంది జంకుతారు. అలా జరగదు. లోపల అలాంటి ఆలోచన ఉన్నవాళ్లకు ఎవరో ఒకరు అడగడమే ఊరట. "ఎప్పుడైనా అనిపిస్తుంది" అంటే ఒకటి రెండు రోజుల్లో డాక్టర్ని కలవండి. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నారని తెలిస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, వెంటనే అత్యవసర వైద్యానికి తీసుకెళ్లండి. ఏ సంగతో తేలేదాకా మందుల డబ్బా మీ దగ్గరే ఉంచుకుని వేళకు ఒక్కో డోసు మాత్రమే ఇవ్వండి.

ఇక జబ్బా, మొండితనమా అన్నారు. జబ్బే. అయితే అది ఒక్క రూపంలో లేదు. మీకు కనిపిస్తున్న ఆ మౌనంలో కనీసం మూడు విషయాలు చిక్కుపడి ఉన్నాయని నా అనుమానం. అన్నిటికీ కలిపి మీరు "మారిపోయారు" అని ఒకే పేరు పెట్టుకున్నారు.

మొదటిది, మనవడి దగ్గర జరిగింది చూడండి. పార్కిన్సన్స్‌లో చేతులూ కాళ్లూ బిగుసుకుపోయినట్టే ముఖంలోని కండరాలూ బిగుసుకుంటాయి. కనురెప్ప కొట్టడం తగ్గుతుంది, అప్రయత్నంగా వచ్చే నవ్వు పెదాల దాకా రాదు. డాక్టర్లు దీన్ని మాస్క్ వేసుకున్న ముఖం అంటారు. లోపల సంతోషం ఉండొచ్చు, బయటికి దారి లేదు. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి ఒక పెద్దాయన ఎదురుగా గంటసేపు కూర్చుని, ఈయనకు నా మాటలు బొత్తిగా రుచించలేదని తీర్మానించుకున్నాను. వెళ్తూ వెళ్తూ ఆయన, చాలా రోజుల తర్వాత హాయిగా గడిచిన గంట ఇది అన్నారు, అదే రాతిముఖంతో. ముఖం చూసి మనిషిని అంచనా కట్టే నా తెలివి మీద నాకు నమ్మకం పోయింది ఆ రోజు. ఏఎల్ఎస్ అనే మరో నరాల జబ్బులో కొందరికి దీనికి తలకిందులుగా జరుగుతుంది. మనసులో అంత దుఃఖం లేకపోయినా ఏడుపు తన్నుకొస్తుంది. ఇలాంటి జబ్బుల్లో ముఖానికీ మనసుకూ మధ్య తీగ తెగిపోతుంది. కాబట్టి మనవడికి ఉన్నమాట చెప్పండి: తాతయ్య ముఖానికి నవ్వడం కష్టమైంది, నువ్వంటే ఇష్టం లేక కాదు, కావాలంటే తాతయ్యనే అడుగు అని. పిల్లలు ఇలాంటివి మనకంటే త్వరగా అర్థం చేసుకుంటారు.

గొంతు సంగతీ అంతే. మాట సన్నగిల్లిపోతుంది గానీ ఆయన చెవికి తన గొంతు మామూలుగానే వినిపిస్తుంది. మీరు "ఆఁ? ఏంటి?" అని రెట్టిస్తే, తాను బాగానే మాట్లాడుతున్నా వినిపించుకోవడం లేదనుకుంటారు. రెండుసార్లు చూసి ఊరుకుంటారు. దానికి తోడు జవాబు తట్టడానికీ, నోటి దాకా రావడానికీ మునుపటి కంటే సమయం పడుతుంది. ఆలోగా మనం జవాబు మనమే చెప్పేస్తాం, లేదా ఇంకో ప్రశ్న వేస్తాం. ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. టీవీ ఆపి అడగండి. స్పీచ్ థెరపిస్టుతో గట్టిగా మాట్లాడే సాధన చేయించవచ్చు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల కోసమే తయారుచేసిన పద్ధతులు ఉన్నాయి. నలుగురిలో మాట్లాడగలిగితే మనిషి సగం తేలికపడతారు.

రెండోది నిరాసక్తత. ఏ పనీ తనంతట తాను మొదలుపెట్టరు. ఎవరైనా మొదలుపెడితే వచ్చి కూర్చుంటారు, బాగానే గడుపుతారు. ఇది బద్ధకం కాదు. ఏదైనా చెయ్యాలనే ఉత్సాహాన్ని రగిలించే డోపమైన్ అనే రసాయనం మెదడులో తగ్గిపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. తిడితే పెట్రోల్ లేని బండిని కసిరినట్టే. "ఏం చేద్దాం?" అని అడిగితే జవాబు రాదు. "ఇప్పుడు నడకకు వెళ్దామా, సాయంత్రమా?" అని అడిగితే వస్తుంది. రోజూ ఒకే వేళకు ఒకే పని పెట్టుకుంటే, మొదలుపెట్టే బరువు ఆయన మీద కాకుండా గడియారం మీద పడుతుంది.

మూడోది డిప్రెషన్, మీ ఉత్తరంలో నాకు గట్టిగా కనిపిస్తున్నది ఇదే. నిరాసక్తత ఉన్నవాళ్లు తమ పరిస్థితికి పెద్దగా బాధపడరు, బాధంతా ఇంట్లోవాళ్లదే. మీవారు బాధపడుతున్నారు. భారమైపోయానని తనను తాను నిందించుకోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం, ఇక చాలు అనడం, ఇవి డిప్రెషన్ మాటలు. జబ్బొచ్చిందని దిగులు పడుతున్నారంటే అది సగం నిజం మాత్రమే. పార్కిన్సన్స్‌లో డోపమైన్‌తో పాటు మూడ్‌ని నిలబెట్టే సెరోటోనిన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాల వ్యవస్థలూ దెబ్బతింటాయి. కొందరిలో చెయ్యి వణకడానికి కొన్నేళ్ల ముందే డిప్రెషన్ మొదలవుతుంది. అంటే జబ్బు గురించి తెలియకముందే. 1817లో ఈ జబ్బు గురించి తొలిసారి వివరంగా రాసిన జేమ్స్ పార్కిన్సన్, ఇందులో బుద్ధి చెక్కుచెదరదని రాశాడు. అందువల్లనేమో, చాలాకాలం దీన్ని ఒంటి జబ్బుగానే చూశారు. అల్జీమర్స్, హంటింగ్టన్స్ లాంటి మెదడు జబ్బులున్న ఇళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లోనూ దిగులు ఇలాగే కనిపిస్తుంది, ఇలాగే "స్వభావం" కింద కొట్టుకుపోతుంది.

అందుకే పిల్లల "పాజిటివ్‌గా ఆలోచించండి" నాకు నచ్చదు. వాళ్ల ప్రేమను తప్పుపట్టను. కానీ ఆ మాట వినేవాడికి "నీ దిగులు నీ తప్పే" అని వినిపిస్తుంది. ధైర్యం చెప్పే బదులు, ఆయన్ని ఏదైనా పని చేసిపెట్టమని అడగమనండి. మనవడికి వారానికి రెండు రోజులు వీడియో కాల్‌లో తాతగారు లెక్కలు చెప్పొచ్చు. మెల్లగా చెప్పినా సరే, ఆ పిల్లాడే ఓపిగ్గా వింటాడు.

సైకియాట్రిస్ట్ అనే మాట దగ్గర మీరు ఆగిపోవద్దు. మొదట న్యూరాలజిస్టుకే చెప్పండి. "వణుకు ఎలా ఉంది" అని అడిగి పంపేస్తే, "దిగులుగా ఉన్నారు, చావు మాట ఎత్తుతున్నారు" అని మీరే నోరు తెరిచి చెప్పండి. అక్కడి నుంచి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపితే అది ఇదే జబ్బు వైద్యంలో ఒక భాగం, ఆయనకూ అలాగే చెప్పండి. "పార్కిన్సన్స్ మెదడులో మూడ్‌ని కూడా తాకుతుందట, దానికి మందుందట." ఇందులో అబద్ధం లేదు. డిప్రెషన్‌కి మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా పనిచేస్తుంది. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా చేయించమనవచ్చు, వాటి లోపమూ ఇలాగే కుంగదీస్తుంది.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ తీసుకెళ్లండి. వాటిలో సెలెజిలిన్, రాసాజిలిన్ లాంటి పార్కిన్సన్స్ మాత్రలు ఉంటే అవి కొన్ని డిప్రెషన్ మందులతో పడకపోవచ్చు. మనోవైద్యంలో వాడే కొన్ని మందులు డోపమైన్‌ని అడ్డుకుని బిగుతును పెంచుతాయి. పార్కిన్సన్స్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు తగ్గించడం, ఉన్నట్టుండి ఆపడం చెయ్యకండి, ప్రాణం మీదికి రావచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ఒక నోటుబుక్కు పెట్టండి. మాత్ర ఏ వేళకు వేశారు, ఆయన ఏ వేళకు కుంగిపోయారు, ఏ వేళకు కంగారుపడ్డారు, ఏ వేళకు కాస్త మాట్లాడారు. చాలామందికి ఒక డోసు ప్రభావం తగ్గిపోయి తర్వాతి డోసు అందుకునే మధ్యలో టెన్షన్, నిస్పృహ ముంచుకొస్తాయి. మాత్ర పనిచేయగానే తేలికపడతారు. మీ నోటుబుక్కులో అలాంటి వరస కనిపిస్తే డాక్టర్ డోసుల వేళలు మార్చి సర్దవచ్చు. నాలుగు వాక్యాల వర్ణన కంటే ఆ పేజీ ఎక్కువ పనికొస్తుంది. రాసే పని ఆయనకే ఇవ్వండి. ఈ జబ్బులో అక్షరాలు చిన్నవైపోతాయి, అయినా సరే. లెక్కల మాస్టారు కదా, అంకెలు వెయ్యడం ఆయనకు కొత్త కాదు.

ఇక్కడే మీతో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ పనీ ముట్టుకోనివ్వను అన్నారు. మీ ఉత్తరంలో మీరు గర్వంగా రాసింది ఆ ఒక్క వాక్యమే, ఆయనకు అన్నిటికంటే గుచ్చుకుంటున్నదీ అదేననుకుంటాను. బొత్తాలు పెట్టుకోవడానికి ఆయనకు పది నిమిషాలు పట్టవచ్చు. మీరు పెడితే అర నిమిషం. ఆ తొమ్మిదిన్నర నిమిషాలు ఆదా చేసి మీరిద్దరూ ఏం చేసుకున్నారు? పడిపోయే ప్రమాదం ఉన్న చోట, స్నానాలగదిలోనూ మెట్ల మీదా, పట్టుకోండి. మిగతా చోట్ల చేతులు కట్టుకుని కూర్చోండి. ఇది మీకే కష్టమవుతుంది.

మీరు అరిచినందుకు నేను మిమ్మల్ని తప్పుపట్టను. నాలుగేళ్లుగా సెలవు లేని ఉద్యోగం చేస్తున్నారు. వారంలో రెండు పూటలైనా పిల్లలో, బంధువులో, జీతానికి కుదిరిన మనిషో ఆయన దగ్గర ఉండాలి, మీరు బయటికి వెళ్లాలి. గుడికో డాక్టర్ దగ్గరికో కాదు, ఊరికే. మీకూ నిద్ర పట్టడం లేదా, ఆకలి చచ్చిపోయిందా అన్నది ఉత్తరంలో రాయలేదు. ఆయన్ని తీసుకెళ్లిన రోజు మీ సంగతి కూడా డాక్టర్‌తో చెప్పండి.

రేపు ఉదయం చొక్కా ఆయన చేతికిచ్చి, పై బొత్తం మీరు పెట్టాలా అని అడగండి. అడిగి, పది లెక్కపెట్టండి.